కామ్‌షాఫ్టు హెడ్డు మారిన కథ

గుండ్రముగా తిరుగు చలనమును పైకి క్రిందికి ఆడు చలనముగా మార్చుటకు ఇరుసుపై ఒకవైపు ఉబ్బెత్తుగా ఉండు ముక్కను అమర్చుట మానవునికి పూర్వము నుండి తెలిసిన ఉపాయము. ఆ ముక్కను కామ్ అంటారు. దాని ఆకారము ఇంచుమించు కోడిగ్రుడ్డును నిలువుగా కోసినట్లుండును. ఇటువంటి కామ్‌లను వరుసగా ధరించిన ఇరుసే కామ్‌షాఫ్టు. మోటారు ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము లోపలికి వచ్చు కవాటములను, కాలిన వాయువులు వెలుపలికి పోవు కవాటములను సమయమునకు తెరచునది ఇదియే. నాలుగు ఘాతముల ఇంజనులో ప్రతి కవాటము ప్రధాన ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కసారి తెరుచుకొనవలెను. కనుక కామ్‌షాఫ్టు ప్రధాన ఇరుసు వేగములో సరిగా సగము వేగముతో తిరుగుతుంది.

ఈ కామ్‌షాఫ్టు ఎక్కడ ఉండవలెను? మన దేశములో 2014 వరకు తయారైన అంబాసిడరు కారు బహుకాలము వాడిన 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో అది క్రింద, సిలిండర్ల దిమ్మలోనే ఉండేది. అక్కడి నుండి పొడవైన కడ్డీలు పైకి పోయి, తూగుచేతులను నొక్కి కవాటములను తెరచేవి. అటువంటి ఇంజనులో పైనున్న హెడ్డును విప్పి వేరొక హెడ్డు బిగించినను కామ్‌షాఫ్టు కదలదు. కాని వేగము పెరిగిన కొలది ఆ కడ్డీల బరువు, వాటి వంగుడు కవాటముల చలనమునకు అడ్డమగును. అందుచేత కామ్‌షాఫ్టునే హెడ్డుపైకి ఎక్కించినారు. 1912లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెమును గెలిచిన ప్యుజో కారులో లోపలి కవాటములకు ఒకటి, వెలుపలి కవాటములకు ఒకటి, మొత్తము రెండు కామ్‌షాఫ్టులు హెడ్డుపైననే ఉండినవి. అప్పటి నుండి కామ్‌షాఫ్టు హెడ్డులో భాగమైనది. ఒక హెడ్డులోని కామ్‌షాఫ్టు మరొక హెడ్డులో ఇముడునా అను ప్రశ్న కూడ పుట్టినది.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు జాగ్వారు ఎక్స్‌కె ఇంజను కంటె మంచి ఉదాహరణ నాకు కనిపించదు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణముపై బాంబులు పడుచుండగా, కర్మాగారములో రాత్రివేళ నిప్పు కాపలా కాయుచు విలియం లయన్సు, విలియం హేన్సు, వాల్టరు హాసన్, క్లాడ్ బెయిలీ యుద్ధానంతరము చేయదగిన ఇంజనును గూర్చి చర్చించుకొన్నారు. కడ్డీలతో కవాటములను నడుపు నమూనాను కూడ వారు చేసి చూచినారు. అది శబ్దము చేయుచున్నదని విడిచిపెట్టినారు. చివరకు ఆరు సిలిండర్లు, 3,442 ఘన సెంటీమీటర్ల పరిమాణము, అల్యూమినియము హెడ్డు, దానిపై రెండు కామ్‌షాఫ్టులు గల ఇంజను 1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనలో ఎక్స్‌కె 120 అను కారుతో పాటు లోకమునకు కనిపించినది. పందెపు కార్లకు, బహు ఖరీదైన కార్లకు మాత్రమే తగినదనుకొన్న ఏర్పాటు పెద్ద సంఖ్యలో తయారగు కార్లకు వచ్చినది. హెడ్డులోని వాయుమార్గములను తీర్చినవాడు హ్యారీ వెస్లేకు.

మొదటి ఇంజనులలో కామ్ కవాటమును 5/16 అంగుళము, అనగా 7.94 మి.మీ. ఎత్తేది. కొలది కాలములోనే పందెములలో పాల్గొనువారి కొరకు 3/8 అంగుళము, అనగా 9.53 మి.మీ. ఎత్తు కామ్‌షాఫ్టులను కంపెనీయే అమ్మజొచ్చినది. తేడా ఒక మిల్లీమీటరున్నర పైచిలుకు మాత్రమే. ఆ కొంచెములో ఏమున్నది? విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. లోపలి కవాటము వ్యాసము 44.45 మి.మీ. అది లేచినప్పుడు దాని అంచు చుట్టును ఏర్పడు సందు వైశాల్యము చుట్టుకొలతను ఎత్తుతో గుణించిన వచ్చును. 7.94 మి.మీ. ఎత్తునకు అది సుమారు 1,109 చదరపు మిల్లీమీటర్లు, 9.53 మి.మీ. ఎత్తునకు సుమారు 1,330. ద్వారము అయిదవ వంతు పెరిగినదన్న మాట. కవాటము వ్యాసములో నాలుగవ వంతు, అనగా 11.1 మి.మీ. ఎత్తు లేచినప్పుడు ఈ సందు వైశాల్యము కవాటము వైశాల్యమునకు సమానమగును. ఆపైన ఎంత ఎత్తినను లాభము తగ్గిపోవును. 160 అశ్వశక్తుల ఎక్స్‌కె 120, ఈ కామ్‌షాఫ్టులు, జంట పొగగొట్టములు మొదలగు మార్పులతో 180 అశ్వశక్తులకు పెరిగినది. మొత్తము గొప్ప కామ్‌షాఫ్టుదే అనుట న్యాయము కాదు.

1951లో లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచిన సి-టైప్ కారుతో కొత్త హెడ్డు వచ్చినది. అందులో వెలుపలి కవాటము వ్యాసమును 36.5 నుండి 41.3 మి.మీ.లకు పెంచినారు. తరువాత 'బి' రకము, 1958లో తిన్నని వాయుమార్గముల రకము వచ్చినవి. సి రకపు హెడ్డులకు ఎరుపు, బి రకమునకు లేత నీలము రంగు వేసేవారు. రంగు డబ్బా ఎవరైనను కొనగలరు కనుక పాత హెడ్డు కొనువారు రంగును నమ్మక కవాటములను కొలుచుట మేలు! ఇంజను పరిమాణము 1958లో 3,781కి, 1964లో 4,235 ఘన సెంటీమీటర్లకు పెరిగినది. చివరి పెంపుదలలో దిమ్మలోని సిలిండర్ల మధ్య దూరములను మార్చినను హెడ్డులో పాత దూరములనే ఉంచినారు. దహన కుహరములు సిలిండర్లకు సరిగా నడిమి మీద లేకపోయినను ఇంజను చక్కగా పని చేసినది. ఈ రాజీ వలన మరొక ప్రయోజనము కలిగినది. వేరు వేరు కాలముల హెడ్డులు, వాటితో పాటు కామ్‌షాఫ్టులు, ఒకదాని స్థానములో ఒకటి పెట్టుటకు చాలవరకు వీలైనది.

చాలవరకు అనుటకు కారణమున్నది. కామ్‌షాఫ్టు ప్రతిదియు నాలుగు బేరింగులలో తిరుగుతుంది. అది ఆనుకొని తిరుగు భాగముల వ్యాసము ఒక అంగుళము. బేరింగు క్రింది సగము హెడ్డులోనే ఉండును. పై సగము విడిగా బిగించు మూతలో ఉండును. మూతలను హెడ్డుకు బిగించిన పిమ్మటనే రెండింటిని కలిపి ఒకే వరుసలో తొలుస్తారు. కనుక మూతపై ఉన్న అంకె ఏ స్థానమును చూపునో అక్కడనే దానిని బిగించవలెను. ఒక హెడ్డు మూత మరొక హెడ్డుపై సరిగా కూర్చుండదు. కామ్‌షాఫ్టు హెడ్డు మారవచ్చును, మూత మారరాదు. మూతలు పోయిన హెడ్డును మరల వరుసగా తొలిపించక వాడినచో ఇరుసు బిగుసుకొనును, లేదా అరిగిపోవును.

ఇక సందుల సంగతి. కామ్‌కు, దాని క్రింద నుండు బోర్ల గిన్నె వంటి టాపెట్‌కు మధ్య అతి సన్నని సందు ఉండవలెను. ఇంజను వేడెక్కినప్పుడు కవాటము పొడవు పెరుగును. సందు లేకున్నచో కవాటము పూర్తిగా మూసుకొనక కాలిపోవును. సందు ఎక్కువైనచో టకటకమను శబ్దము వచ్చును. ఇ-టైప్ కారులో లోపలి కవాటమునకు అంగుళములో వేయింట 4, వెలుపలి దానికి వేయింట 6 వంతుల సందు కావలెను. దానిని సరిచేయునది టాపెట్ లోపల, కవాటపు కాడపై కూర్చుండు చిన్న ఉక్కు బిళ్ల. ఈ బిళ్లలు అంగుళములో వేయింట 85 వంతుల మందము నుండి 110 వంతుల వరకు, ఒక్కొక్క వంతు తేడాతో దొరుకును. మొత్తము ఇరువదియారు, ఇంగ్లీషు అక్షరములును ఇరువదియారే కనుక 'ఎ' నుండి 'జడ్' వరకు వాటికి పేర్లు పెట్టినారు. పాత హెడ్డులో సరిపోయిన బిళ్లలు కొత్త హెడ్డులో సరిపోవు. కవాటపు పీఠములు ఒక్కొక్క హెడ్డులో ఒక్కొక్క లోతులో అరిగి ఉండును. ఉదాహరణకు ఒక లోపలి కవాటము వద్ద సందు వేయింట 8 వంతులున్నదనుకొందము. అక్కడ 'డి' బిళ్ల, అనగా 88 మందము గలది ఉన్నది. సందు నాలుగు వంతులు తగ్గవలెను కనుక 92 మందము గల 'హెచ్' బిళ్లను వేయవలెను. బిళ్ల మార్చుటకు కామ్‌షాఫ్టును మరల విప్పవలసినదే. పండ్రెండు కవాటములకు ఇట్లు చేయువాని ఓపికను మెచ్చుకొనవలెను.

ఈ పనిలో అసలు అపాయము వేరొకటి ఉన్నది. లోపలి కవాటములు, వెలుపలి కవాటములు ఒకదానికొకటి 70 డిగ్రీల కోణములో ఏటవాలుగా ఎదురుబొదురుగా ఉన్నవి. రెండు కామ్‌షాఫ్టులను బిగించి ఒకదానిని తోచినట్లు త్రిప్పినచో ఎదురెదురు కవాటములు ఒకేసారి లేచి ఢీకొని వంగిపోవును. ఎత్తు ఎక్కువైన కొలది ఈ భయము ఎక్కువ. అందుచేత సందులు కొలుచునప్పుడు ఒక కామ్‌షాఫ్టును మాత్రమే హెడ్డులో ఉంచవలెను. 3/8 అంగుళపు కామ్‌షాఫ్టును మొదటి కాలపు హెడ్డులో పెట్టువారు పొడవైన ఉబ్బు టాపెట్ మార్గపు అంచుకు తగులునేమో, పూర్తిగా నొక్కినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొనునేమో చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను.

కాలము సరిచేయుటకు జాగ్వారు ఇంజనీర్లు చేసిన ఏర్పాటు ముచ్చటైనది. కామ్‌షాఫ్టు ముందు కొసలో ఒక గాడి ఉన్నది. ముందువైపు సిలిండరులోని పిస్టను సరిగా పైకొసకు వచ్చినప్పుడు ఒక ఉక్కు గేజి ఆ గాడిలో ఇమడవలెను. (జాగ్వారు లెక్కలో ఇది ఆరవ సిలిండరు, వారు వెనుక నుండి లెక్కించినారు.) గొలుసు చక్రమునకు, కామ్‌షాఫ్టుకు మధ్య సన్నని పండ్లు గల పలక ఉన్నది. దానిని వెలికి తీసి, కొద్దిగా త్రిప్పి, బోల్టుల రంధ్రములు ఎదురైన చోట మరల దూర్చవలెను. గొలుసు లింకు ఒకటి జరిపిన వచ్చు పెద్ద తేడా కాక, డిగ్రీలో చిన్న భాగము వరకు సరిచేయవచ్చును. ఇట్లు సరిచేసినచో 3.8 లీటర్ల ఇంజనులో లోపలి కవాటము పిస్టను పైకొసకు 15 డిగ్రీల ముందు తెరుచుకొని, క్రింది కొస దాటిన 57 డిగ్రీలకు మూసుకొనును. అనగా ప్రధాన ఇరుసు 252 డిగ్రీలు తిరుగు కాలము. కామ్‌షాఫ్టు తిరుగునది 126 డిగ్రీలే.

ఈ ఇంజను 1992 వరకు తయారైనది. తరువాత కార్లను పునరుద్ధరించువారికి మిగిలినది పాత హెడ్డుల గుట్టలే. అల్యూమినియము హెడ్డు నీటిమార్గములలో తుప్పు తిని పోయినను దానిలోని కామ్‌షాఫ్టు బాగుండుట కద్దు. దానిని తీసి మరొక హెడ్డుకు పెట్టుదురు. అరిగిన కామ్‌ను మరల సానపట్టినచో ఉబ్బు లేని గుండ్రని వైపు కూడ చిన్నదగును. ఎంత చిన్నదైనదో సందు అంత పెరుగును, దానికి తగినట్లు బిళ్ల అంత మందము కావలెను. వేయింట 110 వంతుల 'జడ్' బిళ్లయు చాలనప్పుడు ఆ కామ్‌షాఫ్టును పక్కన పెట్టి వేరొకదానిని వెదకవలెను, లేదా ప్రత్యేకముగా మందమైన బిళ్లలు చేయించుకొనవలెను.