సగం మనిషి లెక్క: అంటురోగాలు, వలస కూలీ, పిల్లల చాకిరీ

నెల్లూరు తీరంలో బోగోలు మండలం మీదుగా ఉత్తర దక్షిణాలుగా మూడు దారులు పోతాయి. సముద్రం పక్కన జువ్వలదిన్నె దగ్గర బకింగ్‌హాం కాలవ. బిట్రగుంట మీదుగా మద్రాసు - బెజవాడ రైలు కట్ట. ఇంకొకటి మద్రాసు - కలకత్తా జాతీయ రహదారి. పాఠ్యపుస్తకాలు ఈ మూడింటినీ అభివృద్ధి అంటాయి. వాటిని తవ్వినోళ్లు, మట్టి మోసినోళ్లు ఎవరో చెప్పవు. రోగం వచ్చిన ఏడు ఈ దారుల్లో ఎవరు కూలిపోయారో అసలే చెప్పవు. ఈ వ్యాసంలో మేము అడిగేది ఒక్కటే ప్రశ్న: అంటురోగం వచ్చినప్పుడు కూలిమనిషిని, అందులోనూ కూలికి పోయిన పిల్లల్ని, సర్కారు ఎట్లా లెక్కగట్టింది?

కాలవతో మొదలుపెడదాం. 1876-78 కరువుని మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఒంగోలు, కందుకూరు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్నాయి. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. కరువు పనుల కింద తీరం పొడుగునా తవ్విన కాలవకు ఆయన పేరే పెట్టారు. పంటలు పోయినాక ముందు రోడ్డున పడింది ఆసామి కాదు. ఆసామి గాదె మీద బతికే పాలేరు, జీతగాడు, వెట్టి చేసేవాడు. వాడ మొత్తం కాలవ పనికి కదిలింది. కడుపులో కూడు లేదు. వేలమంది ఒకేచోట పడుకోవాలి, అక్కడే దొడ్డికి పోవాలి, ఆ పక్క గుంటలోనే నీళ్లు తాగాలి. కలరాకు ఇంతకంటే ఏం కావాలి? 1877లో మద్రాసు రాజధానిలో సర్కారు లెక్కకెక్కిన కలరా చావులే 3,57,000 దాటాయి.

కలరా నీళ్ల రోగం. కులం నీళ్ల మీద పెట్టిన కట్టడి. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి ఏ నీళ్లు మిగులుతాయో చరిత్రకారులు తేలిగ్గానే ఊహించగలరు. కానీ కరువు మీద రాసిన పుస్తకాల్లో వాన లెక్క, ధరల లెక్క ఉంటాయి గాని బావి లెక్క కనపడదు.

ఆ పనుల్లో కూలి ఎంత? వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఏడేళ్లు దాటి పని చెయ్యగల పిల్లకు అర పౌను ధాన్యం. ఇంత తక్కువ తిండితో మట్టిపని చేసినోళ్లు బతకరని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచారు. ఈ పోట్లాటంతా పౌనులు, ఔన్సుల గురించే. ఏడేళ్ల పిల్ల మట్టి తట్ట ఎందుకు మొయ్యాలని ఆ ఇద్దరి వాదంలో ఎక్కడా ప్రశ్న రాలేదు. ఆ పిల్ల సగం కూలీ. అక్కడికి సరి.

ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల కాలవ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తోలుపని తప్ప పార పట్టని మాదిగలకు అందులో పని ఇచ్చాడు. ఇతర చోట్ల మేస్త్రీలు వీళ్లను తిట్టి, కొట్టి, కూలి కోసేవాళ్లు. ఇక్కడ అజమాయిషీ చేసింది సొంత బోధకులే. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్లను గంజి కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లకు మా జవాబు ఇది: తిట్టకుండా పని, కొయ్యకుండా కూలి ఇచ్చిన చోటికి మనిషి పోతాడు. అది ఆకలి కంటే పెద్ద లెక్క.

ఊళ్లో ఉండలేనోళ్లు ఓడెక్కారు. రంగూన్, మారిషస్, నేటాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ 342 మందితో డర్బన్ చేరింది. పది రోజులకు కలకత్తా నుంచి వచ్చిన బెల్వెడేర్‌లో కలరా ఉందని క్వారంటైన్ పెట్టారు. ఒప్పందకూలీ ఓడల్లో మనుషుల్ని తలలతో లెక్కపెట్టరు. పదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు కలిస్తే ఒక మనిషి. పదేళ్లు దాటితే నిండు మనిషి. చోటు, తిండి, ఛార్జీ అన్నీ దాని మీదే. కాలవ గట్టున ఏ లెక్కో ఓడలోనూ అదే లెక్క.

1899లో బెజవాడ - మద్రాసు రైలుమార్గం పూర్తయింది. మనిషి ఎంత వేగంగా పోతే రోగమూ అంత వేగంగా పోతుంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైలు కట్టల వెంట దేశమంతా పాకింది. ఆ యేడు వానలు కూడా తప్పాయి. దేశంలో కోటిమందికి పైగా పోయారు. జిల్లాల లెక్కల్లో కులం కనపడదు గాని బొంబాయి నగరం లెక్కలో కనపడుతుంది. వెయ్యిమందికి యూరోపియన్లలో 8 మంది, సవర్ణ హిందువుల్లో 19 మంది, 'తక్కువ కులాల' హిందువుల్లో 61 మంది చచ్చిపోయారు. తెలుగు కూలీల వల్ల ఒక పేటకు కామాటిపుర అని పేరొచ్చిన నగరం అది. గాలి అందరిదీ ఒకటే. పడుకునే గది, తినే తిండి, సెలవు అడిగే హక్కు ఒకటి కావు.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటించారు, అర్ధరాత్రికి దేశం మూసేశారు. 1897లో బొంబాయి ప్లేగు కోసం తెల్లదొరలు చేసిన అంటురోగాల చట్టాన్నే మళ్లీ బయటికి తీశారు. మే 1 దాకా కూలీలకు రైళ్లు లేవు. మద్రాసులో పని పోయిన ఒరిస్సా, బీహారు, బెంగాలు కూలీలు బోగోలు మీదుగా పోయే ఈ రోడ్డునే ఉత్తరానికి నడిచారు. సింగపూరులో భారతీయ, బంగ్లాదేశ్ కూలీలు ఎక్కువగా ఉండే హాస్టళ్లకు తాళం పడింది. ఆ హాస్టళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి వైరస్ సోకిందని 2020 డిసెంబరులో అక్కడి ప్రభుత్వమే చెప్పింది. ఓడ క్వారంటైను నుంచి హాస్టల్ తాళం దాకా పద్ధతి ఒకటే: కూలీ పని కావాలి, కూలీ ఒళ్లు అపాయం.

ఇక పిల్లలు. ఆ ఏప్రిల్‌లో తెలంగాణలోని ములుగు ప్రాంతానికి మిరపకాయలు కొయ్యడానికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ పాప ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు అడవి దారిన మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదు. ఆ పాపను రోగం తాకలేదు, రోగం పేరుతో వేసిన మూత చంపింది.

ఆ పాప ఏ రిజిస్టరులో ఉంది? అప్పటికి అమల్లో ఉన్న 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలీల పేర్లు రాయాలి. 2016 సవరణ తర్వాత, ఇంటి పని వంటి వాటికి ఇచ్చిన సడలింపులు పోను, 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. పెట్టకూడని పిల్ల పేరు ఏ మేస్త్రీ రాస్తాడు? రాస్తే వాడి మీదే కేసు. వలస కూలీల చావుల వివరాలు తమ దగ్గర లేవని 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. తెల్లదొర లెక్కలో మన పిల్ల సగం. సొంత సర్కారు లెక్కలో సున్న.

నిషేధం తప్పని మేము అనటం లేదు. నిషేధించి లెక్కపెట్టడం మానేస్తే లాభం యజమానికే అంటున్నాము. రోగం వచ్చిన రోజున బియ్యం, మందు, బస్సు, పరిహారం, అన్నీ పేరున్నోళ్లకే అందుతాయి. అందుకని కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఒక పని చెయ్యాలి. ఎవరి వాడలో వాళ్లు, ఎవరి ఊరి మిరప తోటల్లో, రొయ్యల గుంటల దగ్గర, ఇటుక బట్టీల్లో, పనికి వచ్చిన పిల్లల పేరు, వయసు, సొంత ఊరు, తీసుకొచ్చినవాడి పేరు రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం పిల్లను పట్టివ్వడానికి కాదు. పిల్లను బడికి, లేదంటే ఇంటికి, ప్రాణంతో చేర్చడానికి. ఇంకో రోగం వచ్చేలోపే రాయాలి. వచ్చినాక రాస్తే అది మళ్లీ చావుల లెక్కే అవుతుంది.