గాజుపలకల నుండి క్వాసార్ల దాకా

నిజాంసాగరమున తూము ఎత్తిన నాడే చివరి ఆయకట్టునకు నీరు చేరదు. మంజీరా నీరు పెద్దకాలువ వెంట, పిల్లకాలువల వెంట నడచి నడచి బోధను ప్రాంతపు చెరకు మడికి వచ్చుసరికి కొంత కాలము గడచును. ఆ మడిగట్టున నిలిచిన రైతు చూచుచున్నది జలాశయము ఈ క్షణమున విడిచిన నీరు కాదు. అంతకు ముందెప్పుడో విడిచిన నీరు. ఆ నీటిలోని ఒండ్రు రంగును బట్టి అది యే నేలల మీదుగా వచ్చినదో చెప్పగల అనుభవశాలురును మన పల్లెలలో కలరు. ఈ రెండు సంగతులు మనసున నిలుపుకొన్నచో నేటి మా ప్రసంగ విషయము సగము తెలిసినట్లే. ఆకాశపు వెలుగు కూడ కాలువ నీటి వంటిదే. అది ఆలస్యముగా వచ్చును. వచ్చిన త్రోవ గుర్తులను వెంట తెచ్చును.

క్వాసార్లనునవి మనకు తెలిసిన అత్యంత దూరపు వెలుగులలో చేరినవి. వాటిని లక్షల సంఖ్యలో లెక్కవ్రాసి విశ్వము యొక్క బాల్యమును తెలిసికొను ప్రయత్నము నేడు సాగుచున్నది. ఈ మాట వినగానే విదేశములలోని కొండశిఖరములు, పెద్ద దూరదర్శినులు తలపునకు వచ్చుట సహజము. కాని ఆకాశమును ఓపికతో కొలిచి పద్దు వ్రాసిన పని మన హైదరాబాదులోను జరిగినది. ఆ పనికిని, ఈ క్వాసార్లకును నడుమ ఒక బంధుత్వము కలదు. దానిని చెప్పుటయే మా ఉద్దేశము.

1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీయవలెనని నిశ్చయించిరి. గ్రామములోని భూములకు సర్వే నంబర్లు వేసినట్లు ఆకాశమును పట్టీలుగా విభజించి సుమారు ఇరువది వేధశాలలకు పంచిరి. చిలీ దేశమున శాంటియాగో వేధశాల వారికి వచ్చిన పట్టీని వారు నెరవేర్చలేకపోయిరి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల ఆ పట్టీ తుదకు హైదరాబాదునకు సంక్రమించినది.

హైదరాబాదున వేధశాలకు అంకురార్పణ చేసినవారు నవాబు జఫర్ జంగ్. ఇంగ్లండున చదివి వచ్చిన ఆ ప్రభువు 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో దానిని నెలకొల్పి, ఆరవ నిజాము పేర నిజామియా అని పేరిడెను. ఆయన మరణానంతరము 1908లో ప్రభుత్వము దానిని చేపట్టినది. పిదప అది బేగంపేటకు తరలినది. చాట్‌వుడ్, పోకాక్ అను ఇరువురు ఆంగ్లేయుల తరువాత 1918లో టి. పి. భాస్కరన్ బాధ్యత వహించిరి. ఆయన ఆ వేధశాలకు మొదటి భారతీయ సంచాలకులు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరినది.

అచ్చట జరిగిన పని యెట్టిదో ఊహింపుడు. రాత్రి ఎనిమిది అంగుళముల దూరదర్శినితో గాజుపలకపై నక్షత్రములను చిత్రించుట. పలకపై అయిదేసి మిల్లీమీటర్ల గళ్లు ముద్రించబడి యుండును. పగటివేళ సూక్ష్మదర్శిని క్రింద ఆ పలకను పెట్టి, ఒక్కొక్క చుక్క యే గడిలో, ఆ గడిలో నెంత దూరమున నున్నదో కొలిచి అంకెలు వ్రాయుట. మరునాడు మరియొక పలక. ఈ విధముగా సంవత్సరములు గడచినవి. నిజాంసాగరము ఆనకట్ట లేచిన కాలమున, అనగా 1923 నుండి 1931 వరకు, ఈ పని సాగుచునే యున్నది. 1937లో బోధనున చక్కెర కర్మాగారము స్థాపింపబడిన నాటికి హైదరాబాదు వారు ఉత్తరాకాశమున మరియొక పట్టీని కూడ కొలుచుచుండిరి. నాలుగు లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములు పన్నెండు సంపుటములలో అచ్చయినవి. వాటినిండ అంకెలే. కొలిచిన చేతులు అనేకములు. చరిత్రలో పేరు నిలిచినది కొందరికే.

ఆ సంపుటములు చదువువారు లేక అలమరలలో నుండగా, ఆకాశ పరిశోధన మరియొక దారి తొక్కినది. మా వంటి ప్రసార కేంద్రములు వెలువరించు తరంగముల జాతికే చెందిన రేడియో తరంగములు అంతరిక్షము నుండి కూడ వచ్చుచున్నవని తెలిసెను. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1959లో వాటి మూలస్థానములకు మూడవ జాబితా ప్రకటించిరి. అందు 273వ అంశము కన్యారాశిలోనిది. 1962 ఆగస్టు 5న చంద్రుడు దాని నడ్డగించెను. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో సిరిల్ హజార్డ్, ఆయన సహచరులు ఆ తరంగములు ఆగిన క్షణమును, తిరిగి వచ్చిన క్షణమును గుర్తించి దాని స్థానమును నిర్ధారించిరి. అచ్చట చూడగా మామూలు నక్షత్రము వంటి చిన్న చుక్క కానవచ్చెను.

1963 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో మార్టెన్ ష్మిట్ ఆ చుక్క వర్ణపటమును పరిశీలించుచు, అందలి గీతలు మనకు తెలిసిన ఉదజని వాయువువే యనియు, అవి నూటికి పదునారు వంతుల మేర ఎరుపు వైపునకు జరిగినవనియు కనుగొనెను. విశ్వము వ్యాకోచించుకొలది కాంతి తరంగములు సాగును. ఎంత సాగినచో అంత దూరము. ఆ చుక్క రెండువందల కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరమున నున్నట్లు తేలినది. అంత దూరము నుండి కనబడుటకు అది నక్షత్రము కాజాలదు. ఒక గెలాక్సీ నడుమనున్న మహా కృష్ణబిలములోనికి సుడులు తిరుగుచు పడు వాయువు కాగి వెలుగుటయే ఆ ప్రకాశమని నేడు తెలియును. నక్షత్రము వలె కనబడు ఈ వస్తువులకు 1964లో క్వాసార్ అను పేరు కలిగినది.

ఇచ్చట ఒక ముచ్చట గమనింపదగినది. ఆ చుక్క వెలుగు మారుచుండునా అను ప్రశ్న పుట్టగా సమాధానమునకు నూతన యంత్రము అవసరము లేకపోయెను. అమెరికాలో హార్వర్డ్ వేధశాల వారు 1880ల నుండి దాచిన గాజుపలకలను తీసి చూచిరి. అందు ఆ చుక్క ఉన్నది. దాని వెలుగు పెరుగుచు తరుగుచు వచ్చినది. ఆ పలకలను తీసినవారికి క్వాసార్ అను మాటయే తెలియదు. హైదరాబాదు పట్టీలలో ఆ చుక్క పడదు. కాని పలకలను భద్రపరచిన బుద్ధి అచ్చటను, ఇచ్చటను ఒక్కటియే.

దూరపు క్వాసారు మనకు చెప్పునదేమి? చక్కెర కర్మాగారముల ప్రయోగశాలలలో చెరకు రసము గుండ కాంతిని పంపి అందు చక్కెర యెంతయో నిర్ణయింతురు, రుచి చూడనక్కరలేదు. క్వాసార్ల కాంతి విషయము కొంత యిట్టిదే. విశ్వమునకు సుమారు 1,380 కోట్ల యేండ్లు. తొలి దినములలో నక్షత్రములు లేవు. ఉదజని మంచువలె అంతట కమ్మి యుండెను. తొలి నక్షత్రముల, గెలాక్సీల వెలుగు ఆ మంచును క్రమముగా విరియజేసినది. ఆ మంచు వెనుకనున్న క్వాసారు వర్ణపటమున ఒక భాగము పూర్తిగా చీకటి కావలెనని 1965లో గన్, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు చెప్పిరి. 2001లో అట్టి చీకటి నిజముగా కనబడినది. విశ్వమునకు వంద కోట్ల యేండ్లు వచ్చు నాటికి ఆ మంచు విడిపోవుచుండెనని తెలిసినది.

ఒక్క క్వాసారు సాక్ష్యము చాలదు, అందుచేత సర్వే. న్యూ మెక్సికోలో 2000 సంవత్సరమున ఆరంభమైన స్లోన్ సర్వేలో అల్యూమినియం పలకలకు రంధ్రములు తొలిచి, ఒక్కొక్క రంధ్రములో కాంతిని మోయు సన్నని గాజుతంతువును మనుష్యులు చేతితో గ్రుచ్చెడివారు. 2020లో ఆ సర్వే వారు ప్రకటించిన పట్టికలో క్వాసార్లు ఏడున్నర లక్షలు. బేగంపేట గాజుపలకల నుండి ఈ అల్యూమినియం పలకల వరకు పని స్వభావము మారలేదు.

2021లో వెల్లడియైన ఒక క్వాసారు వెలుగు విశ్వమునకు 67 కోట్ల యేండ్ల వయస్సున బయలుదేరినది. దాని నడుమనున్న కృష్ణబిలము 160 కోట్ల సూర్యుల బరువు గలది. పండ్రెండు నెలల చెరకు పంట లెక్కలో చూచినచో, ముచ్చెలు నాటిన మూడు వారములలోపలనే గడలు కట్టినట్లు! అంత త్వరగా అంత పెరుగుట యెట్లన్నది శాస్త్రజ్ఞులను వేధించుచున్న ప్రశ్న.

ఇక మొదట చెప్పిన బంధుత్వము. మిక్కిలి దూరముననుండుట వలన క్వాసార్లు ఆకాశమున కదలనట్లే యుండును. పొలము కొలుచువారికి హద్దురాళ్ల వంటివి. 1998 నుండి ప్రపంచ ఖగోళజ్ఞులు నక్షత్ర స్థానములను ఈ హద్దురాళ్లను బట్టియే నిర్ణయించుచున్నారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రముల చలనములు కలవు. ఉపగ్రహము ఇచ్చిన క్రొత్త స్థానమునకు పాత స్థానము తోడైనగాని చలనము తేలదు. ఆ పాత స్థానములు ప్రధానముగా 1887 నాటి ప్రణాళిక సంపుటముల నుండి తీసినవి. అందు హైదరాబాదు అంకెలును కలవు. ఎనుబది, తొంబది యేండ్ల క్రిందట ఎవరో ఒక గుమాస్తా వ్రాసిన అంకె పనికి వచ్చినది.

"అంత దూరపు చుక్కలతో మాకేమి పని?" అని చెరకు రైతు అడుగవచ్చును. 2015లో బోధను కర్మాగారము మూతబడగా ఆశలు సన్నగిల్లినవారు ఆ ప్రశ్న అడుగుట న్యాయమే. క్వాసారు గానుగ ఆడింపదు; అట్లని మేము చెప్పబోము. మేము చెప్పగలది ఒక్కటియే. దేని విలువ యెప్పుడు తెలియునో వ్రాసినవానికి తెలియదు. కనుక సరిగా వ్రాయవలెను, వ్రాసినదానిని కాపాడవలెను. బేగంపేట వేధశాల భవనము శిథిలమైనది. అంకెలు అచ్చుపడి యుండుట చేత మిగిలినవి. అచ్చుపడని పద్దులు మన చుట్టు నెన్ని! కాలువ నీటి లెక్కలు, పంట దిగుబడుల పుస్తకములు, మూతబడిన కర్మాగారముల చిట్టాలు. వాటిని తూకమునకు అమ్ముటకు ముందు ఒక్క క్షణము ఆగుదుము గాక.