ఫర్బిడెన్ జర్నీ రైడ్: భారీకాయులకు సీట్లు
హ్యారీ పాటర్ కథల ఆధారంగా, అమెరికాలోని ఓర్లాండోలో యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 2010 జూన్ 18న మొదలైన రైడ్ ఇది. రోబో చేయి మోసే బెంచీపై నలుగురు పక్కపక్కన కూర్చుంటారు. పైనుంచి భుజాల మీదుగా దిగే రక్షణ కడ్డీ సరిగా లాక్ పడితేనే ప్రయాణం. ఇక్కడ బరువు కంటే ఛాతీ, పొట్ట చుట్టుకొలతే ముఖ్యం. కండలు తిరిగిన మనిషికీ చోటు చాలకపోవచ్చు. గంటల తరబడి క్యూలో నిలబడి, తీరా కూర్చున్నాక అందరి ముందూ లేచి వెళ్లవలసి రావడం ఎవరికైనా బాధే. అందుకే పార్కులో ఈ రైడ్ ప్రారంభమైన తర్వాత బెంచీకి రెండు చివర్లలోని సీట్లను పెద్ద శరీరాలకు అనువుగా మార్చారు. ప్రవేశద్వారం దగ్గర నమూనా సీటు ఉంటుంది. వీపు పూర్తిగా ఆనించి కూర్చుని, కడ్డీ దించి చూసుకోవచ్చు. బిగువనిపిస్తే చివరి సీటు ఇమ్మని సిబ్బందిని అడగండి; అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.