తొట్టిలోకి కొత్త చేప

ఆ మధ్య రెండు కొత్త చేపల్ని తెచ్చి, తెచ్చినవి తెచ్చినట్టే మా అక్వేరియంలో వదిలేశాను. వారం తిరక్కుండానే తెల్లచుక్కల జబ్బు వచ్చి, నాలుగేళ్లుగా ఉన్న మా అమ్మాయి గోల్డ్‌ఫిష్ పోయింది. పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ బాధలోనే అక్వేరియంల చరిత్ర చదివాను. 1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెట్టాడు. మొక్క వల్ల చేపలకు ఆక్సిజన్ అందింది. కానీ ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోసాగాయి. అప్పుడాయన కొన్ని చెరువు నత్తల్ని వేశాడు. అవి ఆ కుళ్లంతా తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి. ఈ సంగతిని 1850లో ప్రచురించాడు. ఇంట్లో అక్వేరియం పెట్టుకునే సరదా ఇంగ్లండులో ఆ తర్వాతే ఊపందుకుంది.

కొత్తగా వచ్చిన ప్రాణి తొట్టినంతా మార్చేస్తుంది, మంచికైనా చెడుకైనా. ఆయన నీళ్లకేం కావాలో చూసి వేశాడు. నేను కంటికి నచ్చిందని వేశాను.

ఈసారి తెచ్చిన చేపను నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచుతున్నాను. ఆ తర్వాత అక్వేరియం నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, అలవాటు చేసి వదలాలి. రోజూ బడి నుంచి రాగానే మా అమ్మాయి దాని దగ్గరికే పరుగెడుతుంది.

"అమ్మా, ఇవాళ కూడా చుక్కల్లేవు!"