‘నేను’ అనే ప్రశ్న: బౌద్ధం, మనోవిశ్లేషణ, జిడ్డు కృష్ణమూర్తి

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించే నాటికి ఆ ఊరు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. దివ్యజ్ఞాన సమాజ నాయకులు ఆయనను జగద్గురువుగా తీర్చిదిద్దదలచారు. అయితే 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఆమెన్‌లో, తనను అధిపతిగా నిలిపిన నక్షత్ర సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. గురువును నిరాకరించిన ఆ ఆలోచన క్రమంగా ‘నేను’ అనే భావననే ప్రశ్నించింది. ఆ ప్రశ్న బౌద్ధానికి, మనోవిశ్లేషణకు ఎంత సన్నిహితమో, ఎక్కడ వేరుపడుతుందో పరిశీలించవలసి ఉంది.

బౌద్ధం ప్రకారం వ్యక్తి అంటే రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే పంచస్కంధాల సముదాయం. వీటిలో ఏదీ నిత్యం కాదు గనుక ఏదీ ఆత్మ కాదు. అనిత్యమైన దానిని ‘నేను’, ‘నాది’ అని పట్టుకోవడమే దుఃఖహేతువు. ఫ్రాయిడ్ 1923లో మనస్సును ఇడ్, అహం, అధ్యహం అని విభజించి చూపాడు. ఆయన దృష్టిలోనూ అహానికి మనస్సుపై పూర్ణాధికారం లేదు. అయినా చికిత్స లక్ష్యం అహాన్ని బలపరచడమే కాని, అది భ్రమ అని నిరూపించడం కాదు. ఈ రెండు దర్శనాల మౌలిక భేదం ఇక్కడే ఉంది.

1976లో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్, మనోవైద్యుడు డేవిడ్ షైన్‌బర్గ్‌లతో కృష్ణమూర్తి సుదీర్ఘంగా చర్చించారు. విశ్లేషించేవాడు, విశ్లేషణకు గురయ్యేవాడు వేరు కారన్నది ఆయన ప్రధాన వాదం. ఆ విభజనను అంగీకరించి సాగే విశ్లేషణ సంఘర్షణను కొనసాగిస్తుందే తప్ప అంతం చేయదని ఆయన భావన. 1978లో అక్కడే సింహళ బౌద్ధ పండితుడు వాల్పోల రాహుల ఆయన మాటలకు, బుద్ధుని బోధకు సామ్యం చూపగా, అసలు పోల్చడం ఎందుకని కృష్ణమూర్తి ప్రశ్నించారు.

ఆ ప్రశ్న కేవలం వినయం కాదు. బుద్ధుడు అనాత్మను చెప్పి అష్టాంగ మార్గాన్ని కూడా చూపాడు. మనోవిశ్లేషణకు క్రమబద్ధమైన చికిత్సా విధానం ఉంది. కృష్ణమూర్తి మాత్రం మార్గాన్ని, విధానాన్ని రెండింటినీ తోసిపుచ్చారు. ఏ సాధనకైనా సాధకుడనే ‘నేను’ అవసరమని, ఆ విధంగా సాధన దానినే పోషిస్తుందని ఆయన తర్కం. తర్కంగా ఇది బలమైనదే. అయితే దుఃఖంలో ఉన్నవాడు అడిగేది తర్కం కాదు, తొలి అడుగు. మదనపల్లెకు చేరువలోని ఋషీవ్యాలీ విద్యాలయంలో పోలిక, పోటీ లేని విద్య కోసం సాగిన ప్రయత్నాన్ని ఈ కొరతకు ఆచరణలో వెదకిన సమాధానంగా చూడవచ్చు. కనుక కృష్ణమూర్తిని బౌద్ధుడని ముద్రవేయడం కంటే, నిర్ధారణలో బుద్ధునికి సమీపంగా, ఉపాయంలో దూరంగా నిలిచిన చింతకుడిగా గుర్తించడం సమంజసం.