లైన్లో వచ్చినవాళ్ళం

2019 చలికాలంలో ఒక మంగళవారం సాయంత్రం మా చర్చి బేస్‌మెంట్‌లో కమిటీ మీటింగు జరిగింది. పెన్సిల్వేనియాలో మేముండే చిన్న ఊళ్ళో అదొక పాతకాలపు బాప్టిస్టు చర్చి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళం అందులో మా కుటుంబం ఒక్కటే. ఆ రోజు చర్చకొచ్చిన విషయం కూడా ఒక్కటే. గ్వాటెమాలా నుంచి వచ్చి, ఆశ్రయం కోసం అర్జీ పెట్టుకున్న ఒక కుటుంబం ఉంది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. కేసు తేలేదాకా వాళ్ళని చర్చి వెనకాల ఖాళీగా ఉన్న పాస్టరుగారి పాత ఇంట్లో ఉండనివ్వాలా, వద్దా?

వాదన అటూ ఇటూ నడిచింది. ఒకాయన మత్తయి సువార్త తీశాడు. పరదేశిని చేర్చుకోవడమంటే తనని చేర్చుకోవడమేనని ప్రభువు చెప్పాడు కదా అన్నాడు. ఇంకొకాయన రోమా పత్రిక పదమూడో అధ్యాయం తీశాడు. పై అధికారులకి లోబడి ఉండమని పౌలు చెప్పాడు కదా అన్నాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకటే పుస్తకం. చివరికి ఎవరో నావైపు తిరిగి, "నువ్వూ బయటి నుంచి వచ్చినవాడివే గదా, నువ్వేమంటావు?" అని అడిగారు.

నేను చెప్పాల్సింది నాలుక చివరే ఉంది. "నేను మాస్టర్స్ చదవడానికి వచ్చాను. హెచ్-1బి మీద పనిచేశాను. గ్రీన్ కార్డు కోసం పదకొండేళ్ళు ఎదురుచూశాను. ఎవరైనా నాలాగే లైన్లో రావాలి" అన్నాను. చుట్టూ తలలు ఊగాయి. ఒకరిద్దరు భుజం తట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే అనిపించింది. ఓటింగు వచ్చే నెలకి వాయిదా పడింది.

కోటు వేసుకుంటుంటే ఎనభై దాటిన ఒక పెద్దావిడ వచ్చి, "ఇండియాలో మీదే ఊరు?" అని అడిగింది. "ఒంగోలని, మీకు తెలియదులెండి" అన్నాను. "ఎందుకు తెలియదు? నా చిన్నప్పుడు సండే స్కూల్లో ఒంగోలు ఆసుపత్రి కోసం డబ్బాలో చిల్లర వేసేవాళ్ళం" అంది. అంతే. ఇంకేమీ అనలేదు. "గుడ్ నైట్" చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒంగోలు కథ నాకు తెలియనిదా? మా తాతయ్యకి తాత ఆ కథలోనే ఉన్నాడు. కాకపోతే, ఇరవయ్యేళ్ళుగా దాన్ని అటక మీద పెట్టేశాను.

జాన్ క్లౌ అనే అమెరికన్ 1865లో మన నెల్లూరొచ్చాడు. మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఒంగోలులో మొదట్లో ఆయన్ని ఆదరించినవాళ్ళలో పై కులాలవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఆయన బడికొచ్చేవాళ్ళు. ఇంతలో ఎర్రగుంట్ల పేరయ్యగారి ప్రోద్బలంతో మాదిగపల్లెల వాళ్ళు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. పై కులాలవాళ్ళకి ఇది నచ్చలేదు. వీళ్ళని చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. ఊళ్ళో పరపతి ఉన్నవాళ్ళా, ఊరవతల ఉన్నవాళ్ళా? ఆ రోజు తనూ తన భార్య హ్యారియెట్టూ వేరువేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దేవుడు లోకం తక్కువగా చూసేవాళ్ళని ఎంచుకుంటాడనే అర్థం వచ్చే భాగం అది. మర్నాటి నుంచి ఊరవతలివాళ్ళకే తలుపు తెరిచాడు. ఊళ్ళో పెద్దల ఆదరణ పోయింది.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. జనానికి కూలీ దొరికింది, ఆ కూలీతో కూడు దొరికింది. ఆ సమయంలో బాప్తిస్మం కావాలని వేలమంది అడిగితే, గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. చివరికి 1878 జులై 3న, ఒంగోలుకి పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు దొరలు కాదు, తెలుగు బోధకులే. ఆ రెండువేల చిల్లర మందిలో మా తాతయ్యకి తాత ఒకడు. చెప్పులు కుట్టే మాదిగ. ఆ రోజు నీళ్ళు చల్లగా ఉన్నాయట. మా ఇంట్లో తరాల మీదుగా వచ్చిన జ్ఞాపకం ఆ ఒక్క ముక్కే.

ఇప్పుడు అదే కాలంలో సముద్రానికి అవతల ఏం జరుగుతోందో చూద్దాం. మీటింగు తర్వాత నెలంతా నేను లైబ్రరీ పుస్తకాల్లో వెతికింది ఇదే.

గుండ్లకమ్మ ఒడ్డున ఆ బాప్తిస్మాలు జరిగిన మరుసటి ఏడాది, 1879లో, శాన్‌ఫ్రాన్సిస్కో మేయరుగా గెలిచినాయన పేరు ఐజక్ కాలక్. ఆయనా బాప్టిస్టు పాస్టరే. వర్కింగ్‌మెన్స్ పార్టీ టికెట్టు మీద నెగ్గాడు. ఆ పార్టీ నినాదం ఒకటే, చైనావాళ్ళు పోవాలి. ఆ నినాదాన్ని ఊరూరా మోసిన డెనిస్ కియర్నీ తనే ఐర్లండు నుంచి వలస వచ్చినవాడు. అంతకు ముప్ఫై అయిదేళ్ళ ముందు, 1844లో, ఫిలడెల్ఫియాలో ఐరిష్ కాథలిక్కుల ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టింది కూడా క్రైస్తవులే. బడిలో ఏ బైబిలు చదవాలనేది అప్పటి తగాదా. నిన్న తరిమించుకున్నవాళ్ళు ఇవాళ తరమడానికి బయల్దేరారన్నమాట. 1882 మే నెలలో చైనా కూలీల రాకని నిషేధించే చట్టం మీద అధ్యక్షుడు ఆర్థర్ సంతకం పెట్టాడు.

బాప్టిస్టుల్లో ఏ చర్చికా చర్చి స్వతంత్రం, కాబట్టి కాలక్ చేసినదాన్ని అందరికీ అంటగట్టలేం. అదే ఊళ్ళో ఓటిస్ గిబ్సన్ అనే మెథడిస్టు పాస్టరు ఉండేవాడు. చైనాలో ఫూచౌలో పదేళ్ళు మిషనరీగా ఉండి వచ్చాడు. 1877లో చైనావాళ్ళ పక్షాన ఒక పుస్తకమే రాశాడు. ఆయనకంటే ముందు, కాంటన్‌లో పనిచేసి వచ్చిన విలియం స్పియర్ 1853లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనావాళ్ళ కోసం ప్రెస్బిటేరియన్ చర్చి పెట్టాడు. బంగారు గనుల్లో విదేశీయుల మీద వేసిన పన్ను అన్యాయమని పోట్లాడాడు. ఈ ఇద్దరూ ఒకప్పుడు పరాయి దేశంలో, భాష రాక, నలుగురూ వింతగా చూస్తుంటే బతికినవాళ్ళే.

కాలక్, గిబ్సన్, క్లౌ. ముగ్గురూ పాస్టర్లు, ముగ్గురిదీ ఒకటే బైబిలు. మరి తేడా ఎక్కడ? భక్తిలో ఉందనడానికి నా దగ్గర కొలబద్ద లేదు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, నాకు లెక్కలు చూడటం అలవాటు. లెక్క చూస్తే ఒకటి కనిపించింది. కాలక్ నమ్మిన అర్థం ఆయనకి ఓట్లు తెచ్చిపెట్టింది. క్లౌ నమ్మిన అర్థం వల్ల పెద్దమనుషుల స్నేహం పోయింది. గిబ్సన్ నమ్మిన అర్థం సొంత ఊరి జనానికి ఎదురు నిలబడేలా చేసింది. వాక్యాలు రెండు వైపులా దొరుకుతాయి. దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న. రోమా పత్రికలోని ఆ పదమూడో అధ్యాయాన్నే 1850 తర్వాత, పారిపోయిన బానిసలని పట్టి అప్పగించాలన్నవాళ్ళు చూపించారు. 2018 జూన్‌లో సరిహద్దు దగ్గర పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీస్తున్నప్పుడు, అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ కూడా అదే చూపించారు. చూపించినవాళ్ళకి రెండుసార్లూ పైసా ఖర్చు కాలేదు.

చట్టం అక్కర్లేదని నేననడం లేదు. దేశమన్నాక సరిహద్దు ఉంటుంది, సరిహద్దన్నాక కాపలా ఉంటుంది. మా కమిటీలో రోమా పత్రిక తీసినాయన మంచివాడే. నా కారు ఆగిపోతే మంచులో వచ్చి లాగిపెట్టాడు. నేను అడుగుతున్నది వేరే. నేను అంత గర్వంగా చెప్పిన "లైను" ఎప్పుడు పుట్టింది?

1917 చట్టం ఇండియాని నిషిద్ధ ప్రాంతంలో కలిపేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళ కింద రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీం కోర్టు తేల్చింది. అంటే, ఒంగోలులో ఎవరి చర్చిలో మా వాళ్ళు పాటలు పాడుతున్నారో, వాళ్ళ దేశంలో స్థిరపడటానికి మా వాళ్ళకి దారి లేదు. 1930ల్లో మా తాతయ్య లైన్లో నిలబడదామనుకున్నా, నిలబడటానికి లైనే లేదు. 1946లో ఏడాదికి వందమందిని రానిచ్చారు. 1965లో గానీ తలుపు సరిగా తెరుచుకోలేదు. అది దానంతటది తెరుచుకోలేదు. రంగుని బట్టి మనిషిని కొలవకూడదని నల్లవాళ్ళ చర్చిల్లో మొదలైన పోరాటం అప్పటికి దేశాన్ని కుదిపేసి ఉంది. 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హాంలో ఒక ఆదివారం ఉదయం చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. నేను నిలబడ్డ లైనుకి ఎవరెవరు ఎంతెంత కట్టారో ఆ మంగళవారం నేను చెప్పలేదు.

ఇంకొక లెక్క కూడా ఉంది. 1980ల్లో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలాల నుంచి అంతర్యుద్ధాలు తట్టుకోలేక వచ్చినవాళ్ళకి ఆశ్రయం దొరకడం దాదాపు అసాధ్యంగా ఉండేది. సాల్వడార్ వాళ్ళ అర్జీల్లో నూటికి మూడు కూడా ఒప్పుకోని రోజులవి. అరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్, మేకలు కాసుకునే క్వేకర్ జిమ్ కార్బెట్, మరికొందరు కలిసి వాళ్ళకి చోటిచ్చారు. 1982 మార్చి 24న, ఆర్చిబిషప్ రొమేరోని పూజ మధ్యలో కాల్చి చంపి సరిగ్గా రెండేళ్ళయిన రోజున, తమ చర్చి శరణాలయమని బహిరంగంగా ప్రకటించారు. ప్రభుత్వం రహస్యంగా మనిషిని పంపి చర్చి మీటింగుల్లో మాటలు రికార్డు చేయించింది. విచారణలో మతవిశ్వాసం గురించి, సాల్వడార్ పరిస్థితుల గురించి జ్యూరీకి చెప్పడానికి జడ్జి ఒప్పుకోలేదు. 1986 మే నెలలో ఫైఫ్‌తో సహా ఎనిమిది మంది దోషులని తేలింది. అందరికీ ప్రొబేషన్‌తో సరిపెట్టారు.

ఆ అర్జీల సంగతి మీద ప్రభుత్వాన్ని కోర్టుకి లాగిన సంస్థల్లో మొదటి పేరు చూసి నేను కుర్చీలోంచి లేచాను. అమెరికన్ బాప్టిస్ట్ చర్చెస్. క్లౌని మన ఒంగోలు పంపిన మిషన్ ఏ శాఖదో, ఆ శాఖే! 1991లో రాజీ కుదిరి, లక్షల మందికి తమ కేసు మళ్ళీ చెప్పుకునే హక్కు దక్కింది. లాయర్లు ఇప్పటికీ దాన్ని ఆ చర్చి పేరుతోనే పిలుస్తారు.

ఇదంతా చదివి నేను మారిపోయానని చెబితే అతిశయోక్తి. అదే శీతాకాలంలో మన తెలుగు క్రైస్తవుల కూడికకి వెళ్ళాను. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఒక పెద్దాయన అడుగుతున్నారు. "ఇంటి పేరేంటి బాబూ? మీది టౌనేనా, పల్లెటూరా? ఏ వైపు?" ఆ మూడు ప్రశ్నలు దేనికో మనందరికీ తెలుసు. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చుని కూడా, పెళ్ళి సంబంధాల దగ్గరికొచ్చేసరికి కులం చూస్తాం. ఇరవయ్యేళ్ళలో ఆ ప్రశ్నలు నన్నూ అడిగారు. నేను ప్రతిసారీ మా పల్లె పేరు మింగేసి "ఒంగోలు టౌనేనండీ" అన్నాను. ఎవరో ఖర్చు పెట్టి తెరిచిన తలుపులోంచి లోపలికొచ్చి, ఏ తలుపులోంచి వచ్చానో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. అలా సిగ్గుపడేవాడికి ఇంకొకడు గుమ్మంలో నిలబడితే చిరాకు రాకుండా ఎలా ఉంటుంది?

వచ్చే నెల మీటింగులో లేచి, పోయినసారి నేను చెప్పింది నిజమే గానీ సగమే నిజమని చెప్పాను. గుండ్లకమ్మ కథ చెప్పాను. మా పల్లె పేరు, మా కులం పేరు కూడా ఆ గదిలో మొదటిసారి చెప్పాను. తీర్మానం రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. రెండు కుటుంబాలు చర్చి మానేశాయి. రోమా పత్రిక తీసినాయన మానలేదు. వ్యతిరేకంగా ఓటేసి, ఆ ఇంటి హీటర్ బాగుచేసింది కూడా ఆయనే.

2025 జనవరిలో, చర్చిల్లోనూ బడుల్లోనూ ఇమ్మిగ్రేషన్ అరెస్టులకి వెళ్ళొద్దన్న పాత నిబంధనని ప్రభుత్వం ఎత్తేసింది. దాని మీద కొన్ని చర్చిలు కోర్టుకెళ్ళాయి, కొన్ని మంచిదే అన్నాయి. మళ్ళీ అవే అధ్యాయాలు. వింటున్నప్పుడల్లా నా లెక్క నేను వేసుకుంటాను, నా మాటకి కూడా.

నాకు పడ్డ ఖర్చంటారా, చెప్పుకోదగ్గదేం కాదు. ఆ ఇంటాయన్ని లాయరు ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకురావడం. మొదటి బుధవారం కార్లో కూర్చున్నాక, వచ్చీరాని ఇంగ్లీషులో, "మీరు ఈ దేశానికి ఎలా వచ్చారు?" అని అడిగాడాయన. "లైన్లో" అనబోయి ఆగాను. "మా ఊళ్ళో ఒక ఏరుంది" అని మొదలుపెట్టాను. లాయరు ఆఫీసు వచ్చేసరికి కథ ఇంకా 1878 దగ్గరే ఉంది. మిగతాది తర్వాతి బుధవారం చెబుతానన్నాను.