తూటాకు పూసిన కందెన

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు సామెత చెప్పినారు. బోధను ప్రాంతము వారికి ఈ సామెత అర్థము ఒకరు విప్పి చెప్పనక్కరలేదు. 1931లో మంజీర మీద నిజాంసాగరు పూర్తియైనది. ఆ నీటితో చెరకు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ వాకిట బారులు తీరిన చెరకు బండ్ల ఇరుసులకు ప్రాణము కందెనయే. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసునకు పట్టించినచో బండి సాఫీగా నడచును. మరచినచో ఇరుసు అరగును, ఎద్దు అలయును. కర్మాగారము 2015లో మూతపడినది గాని, ఆ సామెత మాత్రము ఇంకను నిలిచియున్నది.

రెండు గట్టి వస్తువులు ఒరసికొను చోట నడుమ ఒక మెత్తని పొర ఉండవలెను. ఇదే ఆ సామెతలోని శాస్త్రము. ఈ శాస్త్రము బండికి ఎంత నిజమో, తుపాకికిని అంత నిజము. సీసపు గుండునకు ఏ కందెన పూయవలెనన్న చిన్న ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినందుననే 1857లో కంపెనీవారి నూరేండ్ల ఏలుబడి కంపించినది. ఆ ప్రశ్న ఏమిటో, దానికి సరియైన జవాబు ఎవరి దగ్గర ఉండినదో తెలిసికొనుట మంచిది.

సీసము 327 డిగ్రీల వేడికే కరగును. అందుచేత కమ్మరి కొలిమి లేకున్నను, ఇనుప గరిటెలో కరిగించి మూసలో పోసి గుండ్లు చేసికొనుట పూర్వము అన్ని దేశములలోను ఉండినది. కాని సీసము కరగుటలో ఎంత సులువో, అరగుటలోను అంత సులువు. గొట్టములో వేగముగా పరుగెత్తునపుడు దాని పొడి ఇనుమునకు అంటుకొనును. దీనికి తోడు నాటి నల్లమందు సురేకారము, బొగ్గు, గంధకముల మిశ్రమము. అది పూర్తిగా పొగయై పోదు. కాలిన తరువాత సగమునకు పైగా మసిగా, ఉప్పుగా మిగులును. పొడి గాలిలో ఆ మసి పెంకువలె గట్టిపడును. నాలుగైదు సార్లు కాల్చగానే గొట్టము ఇరుకై, తరువాతి గుండు లోపలికి దిగదు.

నున్నని గొట్టము గల పాత తుపాకిలో ఈ బాధ తక్కువ. గుండు గొట్టము కంటె కొంచెము చిన్నది కనుక జారిపోవును. గొట్టము లోపల మెలికలు తిరిగిన గాళ్ళు గల రైఫిలు వచ్చిన తరువాతనే చిక్కు ముదిరినది. గుండు ఆ గాళ్ళను పట్టుకొని తిరుగవలెను. అందుకు బిగువుగా ఉండవలెను. బిగువుగా ఉన్నచో ఒరపిడి పెరుగును. కనుక కందెన తప్పనిసరియైనది.

ఏ కందెన? ఇక్కడ ఒక్కొక్క ద్రవ్యమునకు ఒక్కొక్క గుణము, ఒక్కొక్క దోషము కలదు. నూనె పలుచగా అన్ని మూలలకు పాకును, మసిని మెత్తపరచును. కాని నిలువ ఉంచినచో కారిపోవును, కాగితములో ఇంకి మందును తడిపి పాడుచేయును. అవిసె నూనె అయినచో గాలి తగిలి బిగిసి పొరకట్టును, ఆముదమట్లు ఆరదు. జంతువుల కొవ్వు చలిదేశములో గట్టిగా నిలుచును. కాని వేసవిలో 45 డిగ్రీలు చూచు నిజామాబాదు వంటి చోట అదే కొవ్వు మెత్తబడి జారును. పైగా కొవ్వు పాతబడి పులిసినపుడు అందులోని ఆమ్లములు సీసమును తినివేయును. గుండు మీద తెల్లని పొర ఏర్పడి దాని లావు పెరుగును. తేనెపట్టు మైనము 60 డిగ్రీలు దాటిన గాని కరగదు, పులియదు, సీసమునకు హాని చేయదు. కాని ఒంటరిగా వాడినచో పెళుసు. మైనములో కొంచెము నూనె కలిపినచో ఆ పెళుసుదనము తగ్గును. మన పల్లెలలో మైనము, నూనె రెండును ఎవరికిని కొత్తవి కావు.

ఇంగ్లండులో 1853లో ఎన్‌ఫీల్డు రైఫిలు రూపొందినది. దాని తూటా ఒక కాగితపు గొట్టము. ఒక కొనలో మందు, రెండవ కొనలో గుండు. గుండు ఉన్న కొనను కొవ్వు, మైనము కలిసిన కందెనలో ముంచెడివారు. సిపాయి మందు ఉన్న కొనను పండ్లతో కొరికి తెరచి, మందును గొట్టములో పోసి, తూటాను తిరుగవేసి, గుండును దూర్చి కడ్డీతో దట్టించవలెను. చేతికిని నోటికిని కందెన సోకక తప్పదు.

మన దేశపు ఎండకు ఈ కందెన ఎట్లు ఆగునో చూచుటకు ఆ 1853లోనే కొన్ని తూటాలను ఇక్కడికి పంపినారు. బెంగాలు సేన అడ్జుటెంట్ జనరలుగా ఉన్న కర్నల్ టకర్ అప్పుడే ఒక హెచ్చరిక చేసినాడు: ఈ కందెన కులాచారములకు అభ్యంతరము కానిదని నిశ్చయము కానంతవరకు దేశీయ పటాలములకు వీటిని ఈయరాదని. ఎండకు కందెన ఆగునా అన్న పరీక్ష జరిగినది. మనసునకు ఆగునా అన్న పరీక్ష జరుగలేదు. కలకత్తాలో తూటాలు తయారైనపుడు గోవు కొవ్వో పంది కొవ్వో కలియకుండ ప్రత్యేకమైన జాగ్రత్త ఎవరును తీసికొనలేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఆ వార్త పొక్కినది. హిందువునకు ఒక కొవ్వు పాతకము, ముసల్మానుకు ఇంకొక కొవ్వు హరాము. ఇద్దరి నోటికిని ఒకే తూటా! సిపాయీలు కోరినది గొప్ప విషయమేమియు కాదు. బజారులో దొరకు మైనము, నూనె తామే కొని తామే పూసికొందుమన్నారు. జనరల్ హియర్సీ ఈ కోరికను సమర్థించినాడు. ప్రభుత్వము ఆ నెలాఖరుననే అంగీకరించినది. కాని అప్పటికే నమ్మకము చెడినది. కందెన మారినదన్నచో, కాగితము నిగనిగలాడుచున్నది, అందులో కొవ్వు ఉన్నదన్నారు. ఫిబ్రవరి 26న బరంపురములో 19వ పటాలము తూటాలు ముట్టమన్నది. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తుపాకి ఎత్తినాడు. ఏప్రిల్ 24న మీరటులో 90 మంది ఆశ్వికులలో 85 మంది తూటాలను నిరాకరించినారు. విచిత్రమేమనగా, ఆనాడు వారికి ఇచ్చినవి కొత్త కందెన పూసినవి కావు, పాత తరహావే. సంకెళ్ళు వేసి వారిని చెరసాలకు పంపగా, మే 10న మీరటు భగ్గుమన్నది.

నిప్పురవ్వ తూటాయే గాని, ఎండుగడ్డి ఏనాటినుండియో పేరుకొనియున్నది. రాజ్యములు పోయిన ప్రభువులు, పన్నుల క్రింద నలిగిన రైతులు, జీతభత్యములలో చిన్నచూపునకు గురియైన సిపాయీలు అందరును ఆ గడ్డిలోనివారే. ఆ మంట మన వైపునకును వచ్చినది. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వమున హైదరాబాదులో కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి జరిగినది. మౌల్వీని అండమానునకు పంపినారు. తుర్రెబాజ్‌ఖాను 1859 జనవరిలో తూప్రాను దగ్గర ప్రాణములు విడిచినాడు. హైదరాబాదు నుండి నిజామాబాదు వచ్చు బాటసారులు నేటికిని ఆ తూప్రాను మీదుగానే వచ్చెదరు. ఇంకను ఉత్తరమునకు సాగి గోదావరి దాటినచో నిర్మల. అక్కడ గోండు వీరుడు రాంజీ గోండు తన అనుచరులతో పోరాడి ఉరికంబమెక్కినాడు. వేయి ఉరుల మర్రి అని ఆ చోటును ప్రజలు నేటికిని తలచుకొందురు.

ఈ కథకు ఒక ముగింపు ఉన్నది; అది చాలమందికి తెలియదు. తిరుగుబాటు అణగిన కొద్ది కాలమునకే బ్రిటిషు ఆయుధ నిపుణులు ఎన్‌ఫీల్డు కందెనను తిరిగి పరిశీలించినారు. కొవ్వు వలన గుండ్లు ఉబ్బి గొట్టములో దిగుట లేదని గుర్తించినారు. కొవ్వును తగ్గించి, మైనమునకు పెద్దపీట వేసినారు. మతము పేరిట సిపాయి కోరినదానినే, శాస్త్రము పేరిట సేన స్వీకరించినది! 1857 జనవరికి ముందే అడిగియున్నచో, ఈ దేశపు ఎండను, ఈ దేశపు మైనమును, ఈ దేశపు నూనెను ఎరిగినవాడు ఆ జవాబును ఉచితముగా చెప్పియుండును.

1860 తరువాతి దశకములో వెనుకనుండి నింపు తుపాకులు, లోహపు తొడుగు గల తూటాలు వచ్చినవి. కొరుకుట అన్నదే పోయినది. కందెన తూటా లోపలికి వెళ్ళినది. మన ఆముదము మాత్రము ఆకాశమునకు ఎక్కినది: 1914–18 యుద్ధములో విమానముల రోటరీ ఇంజన్లలో దానినే పోసినారు, పెట్రోలులో సులభముగా కలిసిపోదు గనుక. ఇరవయ్యవ శతాబ్దిలో అమెరికాలో, సీసపు గుండ్లను స్వయముగా పోసికొను వేటకాండ్రు పెట్రోలియము నుండి తీసిన ఆలాక్స్ అను ద్రవమునకు అలవాటుపడినారు. గుండ్లను దానితో తడిపి ఆరబెట్టినచో మైనమువంటి పలుచని పొర మిగులును. నూనె వలె పాకవలెను, మైనము వలె నిలువవలెను అన్న పాత కోరికకు అది కొత్త రూపము, అంతే.

మన దేశములో ఇట్టి పని ఇంటి విద్య కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు తయారుచేయుట నేరము. చెరకు తోటలమీద పడు అడవి పందులతో వేగు రైతునకు పంట రక్షణ కొరకు మూతి నుండి నింపు తుపాకికి లైసెన్సు కోరుకొను వీలును ఆ చట్టమే కల్పించినది. అయినను 1972 నాటి వన్యప్రాణి చట్టమును దాటి దానిని వాడరాదు. కరిగిన సీసపు పొగ, దాని పొడి పిల్లల మెదడునకు విషమని నేటి వైద్యము చెప్పుచున్నది. ఆ పని ఇంటికి దూరముగా ఉండుటయే క్షేమము.

కనుక కందెనను ఎంచుకొనువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇనుమునకు సరిపడునా? ఎండకు ఆగునా? దానిని ముట్టువానికి సమ్మతమా? మొదటి రెండింటికి కంపెనీవారు జవాబు వెదకినారు, మూడవదానిని వదలినారు. ఇరుసునకు కందెన తక్కువైనపుడు బండి కిర్రుమని ముందే చెప్పును. పాలకునకును ప్రజకును నడుమ ఉండవలసిన కందెన నమ్మకము. అది తక్కువైనపుడును చప్పుడు ముందే వినబడును. 1853లో వినబడినది. వినువారే లేకపోయినారు.